సమీకరణం ఫోటో తీస్తే దశలు చూపే యాప్: మూడేళ్ల వాడకం తర్వాత

మా అమ్మాయి ఏడో తరగతిలో చేరినప్పుడు, పుస్తకంలోని సమీకరణాన్ని ఫోటో తీస్తే సాధనను దశలవారీగా చూపే యాప్ ఒకటి ఫోన్‌లో వేసుకున్నాం. ఇటీవలే ఆమె తొమ్మిది పూర్తిచేసింది. ఈ మూడేళ్లూ విశాఖపట్నంలోని మా ఇంట్లో దాదాపు ప్రతి సాయంత్రం దాన్ని వాడాం. ఈ కోవకు చెందిన యాప్‌లు చాలా ఉన్నాయి కనుక, పేరు కన్నా వాడకంలో తేలిన విషయాలే రాస్తున్నాను. తెలియని రాశిని మన ప్రాచీన గణితజ్ఞులు ‘యావత్తావత్’, అంటే ‘ఎంతైతే అంత’ అని పిలిచి, క్లుప్తంగా ‘యా’ అని రాసేవారు. ఆ మాట మా అమ్మాయికి బాగా నచ్చింది కాబట్టి ఇక్కడ నేనూ ‘య’ అనే రాస్తాను.

సమీకరణాన్ని నేరుగా ఇచ్చినప్పుడు యాప్ తప్పు చేయగా నేను చూడలేదు. ఏ దశను నొక్కినా, అక్కడ ఇరువైపులా ఏం చేశారో విడిగా తెరుచుకుంటుంది. భిన్నాల లెక్కల్లో ఇది ఎంతో మేలు చేసింది. య/3 + 4 = య/2 అన్న లెక్కలో మా అమ్మాయి క.సా.గు. 6తో భిన్నాలను మాత్రమే గుణించి, 4ను అలాగే వదిలేసి, 2య + 4 = 3య అని రాసింది. యాప్ చూపిన 2య + 24 = 3య పక్కన తన వరుసను పెట్టుకోగానే తప్పు ఆమెకే దొరికింది. 24లో మూడో వంతుకు 4 కలిపినా 12, సగం చేసినా 12 అని తానే సరిచూసుకుంది.

పక్షాంతరం విషయంలో మాత్రం నాకు అసంతృప్తి ఉంది. యాప్ పదాన్ని ఒక్క దశలో అవతలి వైపుకు పంపి గుర్తు మార్చేస్తుంది. దాన్ని చూసి చూసి మా అమ్మాయి ‘అటు వెళ్తే గుర్తు మారుతుంది’ అన్న ముక్కను కంఠస్థం చేసి, 5య = −20 వచ్చినప్పుడు 5 గుర్తును కూడా మార్చి య = 4 అని తేల్చింది. తక్కెడ ఉదాహరణ చెబుదామంటే, మేము కూరగాయలు కొనే ఎం.వి.పి. కాలనీ రైతు బజారులో ఆమె చూసేవన్నీ ఎలక్ట్రానిక్ కాటాలే. చివరికి బట్టల హ్యాంగరుకు రెండు కాగితపు కప్పులు కట్టి, చింతగింజలు వేసి, రెండు వైపులా ఒకే లెక్కన తీసినా, ఒకే సంఖ్యతో భాగించినా హ్యాంగరు ఒరగదని చూపించాను. ఆ ఒక్క సాయంత్రం ఇచ్చిన స్పష్టత యాప్ దశలు నెలల తరబడి ఇవ్వలేకపోయాయి.

రాత లెక్కల దగ్గరే అసలు కష్టం ఎదురైంది. మా యాప్ తెలుగు వాక్యాలను చదవలేదు, ఇంగ్లీషు వాక్యాలను అప్పుడప్పుడు చదివేది. అయితే మన రాష్ట్ర ద్విభాషా పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు పేజీకి ఎదురుగా తెలుగు పేజీ ఉండటం మాకు కలిసివచ్చింది. ‘సెవెన్ లెస్ దాన్ ట్వైస్ ఎ నంబర్’ అన్న మాటలను వచ్చిన వరుసలోనే రాసుకుంటూ పోయి ఆమె 7 − 2య అని పెట్టేది. అదే ‘ఒక సంఖ్యకు రెట్టింపు కన్నా 7 తక్కువ’ అని తెలుగులో పైకి చదివితే, ముందు సంఖ్య, తర్వాత రెట్టింపు, ఆ తర్వాత తీసివేత వరుసగా వచ్చి 2య − 7 దానంతటదే ఏర్పడింది. అన్ని వాక్యాలకూ ఇంత చక్కగా కుదరకపోయినా, ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్లల చేత లెక్కను తెలుగులో ఒకసారి చెప్పించమని ఇరుగుపొరుగు తల్లిదండ్రులకు ఇప్పటికీ చెబుతుంటాను.

ఇంకొక ప్రమాదాన్ని ఆలస్యంగా గుర్తించాను. తల్లి వయస్సు ఇప్పుడు కూతురి వయస్సుకు మూడు రెట్లు, 12 ఏళ్ల తర్వాత రెండు రెట్లు అవుతుంది, అయితే కూతురి వయస్సెంత అన్నది లెక్క. ఆమె బ్రాకెట్ మరచి 3య + 12 = 2య + 12 అని రాసి ఫోటో తీసింది. యాప్ దాన్ని తప్పులేకుండా సాధించి య = 0 అని చూపించింది, సరిచూపులోనూ ఇరువైపులా 12 వచ్చింది! కూతురికీ తల్లికీ సున్నా ఏళ్లు ఎలా ఉంటాయని నేను అడిగేదాకా ఆమెకు అనుమానం రాలేదు. 3య + 12 = 2(య + 12) అని దిద్దుకున్నాక 12, 36 వచ్చాయి. అప్పటి నుంచి జవాబును సమీకరణంలో కాక లెక్కలోని మాటల్లోనే పెట్టి చూడాలని మా ఇంట్లో నియమం పెట్టుకున్నాం.

ఎనిమిదో తరగతి మధ్య నుంచి, య అంటే ఏమిటో ముందుగా ఒక వాక్యంలో రాసి, లెక్క మొత్తం చేత్తో చేసి, జవాబును సరిచూసుకున్న తర్వాతే ఫోన్ ఇచ్చాను. రైతు బజారు నుంచి వచ్చాక నేనే లెక్కలు కట్టేదాన్ని: కిలో వంకాయలు టమాటాల కన్నా 8 రూపాయలు ఎక్కువ, 3 కిలోల టమాటాలకూ 2 కిలోల వంకాయలకూ కలిపి 166 రూపాయలు అయితే కిలో టమాటాలు ఎంత? 3య + 2(య + 8) = 166 అని రాసి, యాప్ తెరవకుండానే 30 అని చెప్పేసింది.

సమీకరణం రాయడం వచ్చి, సాధనలో ఎక్కడో జారుతున్న పిల్లలకు ఈ యాప్‌ను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. రాత లెక్క చూడగానే బెదిరే పిల్లలకు మాత్రం మొదటి ఏడాది ఇవ్వవద్దనే అంటాను. మా అమ్మాయి ఇప్పుడు దాన్ని నెలకు నాలుగైదు సార్లకు మించి తెరవడం లేదు, అదీ హారాల్లో చరరాశి వచ్చినప్పుడే.