ఎర్ర పండ్ల పొద: కానరేగు మేలా, వాక్కాయ మేలా?

ఆకులన్నీ రాలిపోయి, బోసి కొమ్మల నిండా ఎర్రటి పండ్లు. డిసెంబరు వచ్చిందంటే చాలు, ఈ ఫొటో పంపి "ఇదేం మొక్క? తిరుపతిలో బతుకుతుందా?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు ఒకేచోట చెబుదామని కూర్చున్నాను. నా గేటు పక్కన ఏది పెట్టాలో ఈ మధ్యే తేల్చుకున్నాను కాబట్టి ఆ అనుభవం కూడా ఇందులో ఉంటుంది.

ముందు ఆ ఫొటో సంగతి. చాలాసార్లు అది వింటర్‌బెర్రీ. ఉత్తర అమెరికా తూర్పు భాగంలో, చిత్తడి నేలల్లో పుట్టిన పొద. శీతకాలంలో ఆకు రాల్చేసి పండ్లను మాత్రం నెలల తరబడి కొమ్మకే ఉంచుకుంటుంది. దానికి పులుపు నేల (ఆమ్ల నేల) కావాలి, వేరుకు ఎప్పుడూ తడి ఉండాలి, గట్టి చలి తగలాలి. మే నెలలో నలభై రెండు డిగ్రీలు దాటే ఊళ్ళో, తొట్టి అంచున తెల్లటి ఉప్పు పేరుకునే బోరు నీళ్ళతో అది నిలవదు. ఆన్‌లైన్లో గింజలు అమ్ముతున్నారు, కొనకండి. అసలైన గింజే వచ్చినా మొలవడానికే ఏడాది దాటిపోతుంది.

ఇంకో విషయం. చలి దేశాల్లో చలికి ఆకు రాలుతుంది, మన దగ్గర నేల ఎండిపోయి రాలుతుంది. మనకు నవంబరు, డిసెంబరు దాకా వానలుంటాయి. జనవరి నుంచి నేల ఆరడం మొదలైతే శేషాచలం అంచుల్లోని పొదలు ఒక్కొక్కటిగా బోసిపోతాయి. అందుకే బోసి కొమ్మ మీద ఎర్ర పండు అనే ఆ ఫొటో మన పొదల్లో అచ్చంగా దొరకదు. ఆకు రాలడం ఒక నెలలో, పండు ఎర్రబడడం ఇంకో నెలలో. ఇది ఒప్పుకుంటే మంచి మొక్కలే ఉన్నాయి.

నా లెక్కలో పోటీ రెండింటి మధ్యే: కానరేగు, వాక్కాయ. బార్బడోస్ చెర్రీ మూడోది. నర్సరీలో ఈ మూడింటినీ కలగాపులగంగా అమ్మేస్తుంటారు కాబట్టి గుర్తుపట్టడం నేర్చుకోండి. ఆకు తుంచితే పాలు కారి, ఆకులు జంటలుగా ఉండి, ముళ్ళు గట్టిగా కొన్నిచోట్ల రెండుగా చీలి ఉంటే అది వాక్కాయ. ఆకులు ఒకదాని తర్వాత ఒకటి విడివిడిగా ఉండి, అంచుకు సన్నటి రంపపు పళ్ళుండి, పాలు లేకుండా ముళ్ళుంటే కానరేగు. ఆకులు జంటలుగానే ఉన్నా పాలూ ముళ్ళూ లేకపోతే బార్బడోస్ చెర్రీ. దాని పండుకు మూడు తొనల్లా గాడులుంటాయి, లోపల మూడు గింజలు. వీటిలో ఏదీ కాదనిపించిన ఎర్ర పండును మాత్రం పిల్లల్ని నోట పెట్టనివ్వొద్దు. మన కంచెల మీద పాకే గురివింద కూడా ఎర్రగా ముచ్చటగానే ఉంటుంది, కానీ ఆ గింజ విషం.

ఈ మూడింటిలో నిజంగా ఆకు రాల్చేది కానరేగు ఒక్కటే. అది కూడా మీరు రోజూ నీళ్ళు పోస్తూ ఉంటే సరిగ్గా రాల్చదు. నేను సంక్రాంతి తర్వాత దానికి నీళ్ళు ఆపేస్తాను. జనవరి చివరికి ఆకు పసుపెక్కి రాలిపోతుంది. శివరాత్రి దాటాక రాగిరంగు చిగుళ్ళు వస్తాయి. పొద్దున్నే ఎండ వెనక నుంచి పడితే ఆ లేత ఆకులు ఎర్రటి గాజు ముక్కల్లా వెలుగుతాయి. పండ్లు లేకపోయినా ఆ పది రోజుల కోసం ఈ పొదను పెంచుకోవచ్చు. పండ్లు మామిడికాయల కాలానికి తయారవుతాయి. ఎరుపు నుంచి ముదురు వంకాయ రంగుకు తిరిగితే తినడానికి పండినట్టు. పుల్లగా, తియ్యగా ఉంటుంది, గింజలెక్కువ.

ఇంత మెచ్చుకుంటున్నాను కదా, అందరూ ఇదే పెట్టేయండి అని ఎందుకు చెప్పడం లేదంటే, దీంట్లో ఒక పెద్ద చిక్కుంది. నా ఉద్దేశంలో ఏది పెట్టాలో తేల్చేది అదే. కానరేగులో సాధారణంగా ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. బొప్పాయిలో మగ చెట్టు పూస్తుంది గాని కాయదు, తాటిలో పోతుతాడు గెల వేయదు. ఇదీ అంతే. గింజ వేసి పెంచితే మొక్క పూసేదాకా ఏదో తెలియదు.

నాకు ఇది అనుభవం మీదే తెలిసింది. ఐదేళ్ళ కిందట చంద్రగిరి దగ్గర మా పెదనాన్న పొలం గట్టు మీది పండ్లు తిని, గింజలు తెచ్చి సంచిలో మొలిపించి, బాగా ఎదిగినదాన్ని గేటు పక్కన నాటాను. నాలుగో ఏడు పూత వచ్చింది. ఇంకేం, ఈసారి పండ్లే అనుకున్నాను. పూత రాలిపోయింది. ఐదో ఏడూ అంతే. పోషకాలు చాలలేదేమోనని ఎరువు మార్చాను, నీళ్ళు తగ్గించాను, పెంచాను. చివరికి పెదనాన్న ఇంటికొచ్చినప్పుడు ఒక రెమ్మ వంచి చూసి, "ఇది పోతుచెట్టు నాయనా, ఎన్నాళ్ళు పెట్టుకున్నా కాయదు" అన్నారు.

ఎలా చెప్పారో అప్పుడు దగ్గరగా చూపించారు. కానరేగు పూవు చిన్నది, పచ్చగా ఉంటుంది, రేకులే ఉండవు. మగ పూవులో పసుపు కేసరాలు చిన్న కుచ్చులా నిండుగా ఉంటాయి, మధ్యలో ఏమీ ఉండదు. ఆడ పూవులో ఆ కుచ్చు ఉండదు. ఆవగింజంత పచ్చటి బుడిపె, దాని నెత్తిన నక్షత్రంలా చీలిన కొసలు. ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తే ఇక మర్చిపోరు.

కాబట్టి కానరేగు కావాలంటే గింజ మొక్క తెచ్చుకోకండి. కాసిన చెట్టు నుంచే తీసుకోండి. చెట్టు మొదట్లో వేరు పిలకలు వస్తే తొలకరికి వేరుతో సహా తవ్వి తెచ్చుకోవచ్చు. లేదంటే గాలి అంటు కట్టండి, అంటే చెట్టు మీద ఉండగానే కొమ్మకు వేరు రప్పించడం. పెన్సిల్ లావు కొమ్మకు అంగుళం మేర బెరడు వలిచి, తడిపిన నాచు గానీ కొబ్బరి పొట్టు గానీ పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి రెండువైపులా బిగించడమే. జూన్, జూలైల్లో కడితే మంచిది. మామిడి అంట్లు కట్టే చెయ్యి మన జిల్లాలో ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది కదా, చేతకాకపోతే వాళ్ళనడగండి. దగ్గర్లో మగ మొక్క కూడా ఉండాలి. కొండ వార ఇళ్ళకు అడవి మొక్కల పుప్పొడి అందొచ్చు, ఊరి నడుమ ఇళ్ళకు ఆ వీలు లేదు. రెండు మొక్కలకు చోటుంటేనే దీని జోలికి వెళ్ళండి.

చోటు ఒక్కదానికే ఉంటే వాక్కాయ పెట్టండి, వేరే ఆలోచన వద్దు. ఒక్క మొక్కలోనే కాపు వస్తుంది. తిరుపతి ఎండకు, ఉప్పు నీళ్ళకు, రాతి నేలకు తట్టుకుంటుంది. తెల్లటి పూవు, మల్లె తీరు వాసన. కాయ ముందు తెలుపు, గులాబి కలిసినట్టుండి, ఎర్రబడి, చివరికి నల్లబడుతుంది. వానాకాలంలో ఒకే గుత్తిలో ఈ రంగులన్నీ కనబడతాయి. చూడడానికి కానరేగు పండు కంటే వాక్కాయ గుత్తే అందమని నేను ఒప్పుకుంటాను. పచ్చికాయ పప్పులో వేసుకోవచ్చు, పచ్చడి పెట్టుకోవచ్చు. కోసేటప్పుడు పాలు జిగురులా చేతికంటుతాయి, కొంచెం నూనె రాసుకుంటే సరి. మన కొండల్లో నల్లపండ్ల కలివి దీనికి దగ్గరి చుట్టమే. 1986లో కడప అడవుల్లో మళ్ళీ కనబడిన కలివికోడి అనే అరుదైన పిట్టకు ఆ పేరు వచ్చింది ఈ పొదల వల్లనే. లోటల్లా, వాక్కాయ ఏడాది పొడుగునా ఒకేలా పచ్చగా ఉంటుంది. రాలడం, బోసిపోవడం, చిగురించడం అనే ఆ మార్పు ఉండదు. నాకు ఆ మార్పే కావాలి. ముళ్ళు కూడా కానరేగు కంటే కఠినం, పిల్లలు తిరిగే దారి నుంచి మూడడుగులు లోపలికి నాటండి.

బార్బడోస్ చెర్రీ కుండీకి బాగుంటుంది. ముళ్ళు లేవు, పూసిన నెల లోపే పండు, ఏడాదికి నాలుగైదు సార్లు కాపు. వంద గ్రాముల పండులో సి విటమిన్ 1000 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. కానీ ఎర్రబడిన పండు కొమ్మకు నిలవదు, రాలుతుంది, లేకపోతే పిగిలిపిట్టలు తినేస్తాయి. అందం కోసం అడిగేవాళ్ళకు నేను ఇది చెప్పను. వేళ్ళకు నులిపురుగు కూడా త్వరగా పడుతుంది.

మిక్కీమౌస్ మొక్క అని అమ్మేదాని గురించీ అడుగుతున్నారు. అందులో ఎర్రగా ఉండేది పండు కాదు, పూవు కింది రక్షకపత్రాలు. పండు నల్లగా ఉంటుంది. ఇష్టమైతే పెట్టుకోండి.

నేను గేటు పక్క మగ కానరేగును తీసేయలేదు. గట్టు మీది ఆడ చెట్టుకు జూన్‌లో కట్టిన గాలి అంటుకు వేరు వచ్చింది. మొన్న వాన ఆగిన రోజు దాన్ని మగ మొక్కకు ఎనిమిదడుగుల దూరంలో నాటాను. అంటు కాబట్టి గింజ మొక్కలా నాలుగేళ్ళు ఆగక్కర్లేదని పెదనాన్న ధైర్యం చెప్పారు. కొత్త మొక్క కాబట్టి ఈ సంక్రాంతికి దానికి మాత్రం నీళ్ళు ఆపను.