పెద్ద అక్షరాల బైబిలు: డయాలసిస్ బెడ్ మీద యోబు చదివే మా అమ్మ కోసం కొన్నది

జబ్బుతో ఉన్న పెద్దవాళ్లకు బైబిలు కొనాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మా అమ్మకు పెద్ద అక్షరాల తెలుగు బైబిలు కొన్నాం. క్రైస్తవ పుస్తకాల షాపుల్లో ఈ సైజువి రెండు మూడు రకాలు దొరుకుతాయి. నేను చెప్పే మంచీ చెడూ చాలావరకు అన్నిటికీ వర్తిస్తాయి కాబట్టి ఎవరు అచ్చేశారన్నది పక్కన పెడుతున్నాను.

అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి సిద్ధం చేసిన రక్తనాళం) ఉన్న ఎడమ చెయ్యి అంతసేపూ కదపకూడదు. పుస్తకం పట్టుకోవాలన్నా పేజీ తిప్పాలన్నా కుడి చెయ్యి ఒక్కటే ఆధారం. షాపులో నిలబడి తిరగేసేటప్పుడు ఈ సంగతి ఎవరికీ తట్టదు. ఈ బైబిలు బరువు ఒంటిచేత్తో పట్టేది కాదు. ఒళ్లో దిండు పెట్టి, దాని మీద ఆనించాల్సిందే. అయితే కుట్టు బైండింగ్ కావడంతో ఎక్కడ తెరిస్తే అక్కడ పరుచుకుని ఉంటుంది, దానంతట అది మూసుకుపోదు. అంచున బొటనవేలు ఆనేలా అరగుండ్రంగా కోసి పుస్తకాల పేర్లు వేశారు, అది ఒంటిచేతికి పెద్ద సాయం. అక్షరాల సంగతి చెప్పక్కర్లేదు. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లకు కూడా వత్తులు విడివిడిగా కనిపిస్తున్నాయి. పాత చిన్న బైబిలులో "క్ష్మ", "స్త్ర" లాంటివి నల్లటి చుక్కల్లా ఉండేవి, అందుకే అమ్మ చదవడమే మానేసింది. కాగితం మాత్రం మరీ పల్చన. వెనకవైపు అచ్చు ముందుకు కనబడుతుంది, రెండేసి పేజీలు అతుక్కుని వస్తాయి. రిబ్బన్ ఒక్కటే ఇచ్చారు, రెండు ఉండాల్సింది.

చదవడం మానేసిన ఆ రోజుల్లో అమ్మకు వాక్యం అంటే వాచ్ నైట్ సర్వీసులో (డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో) ఇచ్చిన వాగ్దానం కార్డు, ఫోనులో బంధువులు పంపే పూల బొమ్మల మీది వచనాలు, ఇంటికి వచ్చినవాళ్ల మాటలు. వచ్చినవాళ్లు ప్రేమతోనే వచ్చారు, పళ్లు తెచ్చారు, ప్రార్థన చేశారు. కానీ వెళ్లబోయే ముందు గుమ్మంలో ఎవరో ఒకరు, "ఒకసారి పరిశీలన చేసుకోండమ్మా, ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో" అనేవాళ్లు. ఇంకొకరు, "విశ్వాసం పెరగాలి" అనేవాళ్లు. అమ్మ తల ఊపేది. వాళ్లు వెళ్లాక చాలాసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదు.

కొత్త బైబిలు రాగానే అమ్మ యోబు గ్రంథం తీసింది. ఏ తప్పూ చేయకుండానే ఆస్తి, పిల్లలు, ఆరోగ్యం పోగొట్టుకున్నవాడి కథ అది. 42 అధ్యాయాలు, మొదటి నుంచి చివరిదాకా చదివింది. మన సంఘాల్లో యోబు అంటే మొదటి రెండు అధ్యాయాలు, చివరి అధ్యాయం. "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" దగ్గర మొదలుపెట్టి రెట్టింపు ఆస్తి దగ్గర దిగుతాం. మధ్యలో యోబు తాను పుట్టిన రోజును శపించుకోవడం, నా మీద ఏ నేరం మోపావో చెప్పమని దేవుణ్ణి నిలదీయడం, స్నేహితులను పట్టుకుని మీరు బాధకే కర్తలు అనడం, ఇవేవీ ప్రసంగాల్లోకి రావు. అమ్మ అవన్నీ చదివింది. ఆ స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు మొదట ఏడు రోజులు నోరు మెదపకుండా యోబు పక్కన నేలమీద కూర్చున్నారట. ఆ తర్వాతే, నీ పాపం వల్లే ఇదంతా అని వాదించడం మొదలుపెట్టారు. "అక్కడితో ఆపేసుంటే ఎంత బాగుండేది వీళ్లు" అంది. 42వ అధ్యాయంలో దేవుడు ఆ ముగ్గురి మీద కోపపడి, నా సేవకుడైన యోబు మాట్లాడినట్టు మీరు నన్ను గురించి యుక్తంగా మాట్లాడలేదు అంటాడు. దేవుణ్ణి నిలదీసినవాడి మాటే దేవుడికి యుక్తంగా తోచింది. ఆ వచనం అమ్మ నాతో గట్టిగా మళ్లీ చదివించింది.

అమ్మది దివిసీమ, నాగాయలంక వైపు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చేనాటికి పదిహేనేళ్ల పిల్ల. ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది పోయారు. వాళ్లలో తాతయ్య ఉన్నాడు, అమ్మ చెయ్యి పట్టుకుని ఉన్న చిన్న తమ్ముడు ఉన్నాడు. ఆదివారం చర్చి గంట కొట్టేది తాతయ్యే. ఊళ్లో ఎవరి ఇంట్లో చావొచ్చినా, ఏ కులమని అడగకుండా పెట్టెకు భుజం పట్టేదీ ఆయనే. తుమ్మచెట్టు పట్టుకుని అమ్మ బతికింది. ఆ ముళ్ల గీతలు ఇప్పటికీ మోచేతి మీద ఉన్నాయి, ఫిస్టులాకు కాస్త పైన.

38వ అధ్యాయంలో దేవుడు సుడిగాలిలోనుంచి మాట్లాడతాడు. సముద్రానికి తలుపులు పెట్టి మూసింది ఎవరు, ఇంతవరకే, ఇంకా దగ్గరకు రాకూడదు అని చెప్పినప్పుడు నువ్వున్నావా అని యోబును అడుగుతాడు. అమ్మ ఆ వచనం మీద వేలు పెట్టి, "మరి ఆ రోజు ఎందుకు దాటనిచ్చావయ్యా?" అంది. పక్క బెడ్ ఆయన వింటున్నాడు, సిస్టర్ వింటోంది. నా దగ్గర జవాబు లేదు. ఆ గ్రంథంలో యోబుకూ జవాబు రాలేదు. మొదటి అధ్యాయంలో పరలోకంలో దేవునికీ సాతానుకూ మధ్య జరిగిన సంభాషణ మనకు తెలుసు గానీ యోబుకు దేవుడు ఆఖరిదాకా చెప్పడు. ఆయనే వచ్చి ఎదురుగా నిలబడతాడు. యోబుకు అది సరిపోయింది. అమ్మకు సరిపోయిందా అని నేను అడగలేదు. కానీ ఇన్నేళ్లలో ఆ ప్రశ్న పైకి అనడం నేను వినడం అదే మొదలు. ఆ రాత్రి ప్రార్థనలో తమ్ముడి పేరు పెట్టి ప్రార్థించింది.

ఇక్కడే ఈ ముద్రణ మీద నా అసలు ఫిర్యాదు. పేజీ కింద వివరణలు వేశారు. 42వ అధ్యాయం కింద "ఓర్పుకు రెట్టింపు దీవెన" అని రాసి, సహనం చూపితే నీకూ అలాగే జరుగుతుందని రెండు వాక్యాలు కలిపారు. వచనాల్లో ఉన్నది చూడండి. గొర్రెలు 7,000 నుంచి 14,000 అయ్యాయి, ఒంటెలు 3,000 నుంచి 6,000 అయ్యాయి. పిల్లలు మాత్రం మళ్లీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లే. మొదటి పదిమంది దేవుని దగ్గర బతికే ఉన్నారు కాబట్టి పిల్లల లెక్కా రెట్టింపే అని మా పాత పాస్టరు అయ్యగారు చెప్పేవారు. అమ్మ పట్టుకున్నది ఆ మాటనే. పునరుత్థానం (చనిపోయినవాళ్లు తిరిగి లేవడం) మీద నమ్మకం లేకపోతే ఆ లెక్కకు అర్థం లేదు. ఓర్చుకుంటే పోయినవి తిరిగొస్తాయని బిడ్డను పోగొట్టుకున్న తల్లికి అచ్చేసి ఇవ్వడం ఆ ముగ్గురు స్నేహితులు చేసిన పనే.

పుస్తకం చివర "శ్రమకాలములో చదువదగిన వాక్యములు" అని ఒక పట్టిక ఉంది. అందులో 23వ కీర్తన ఉంది, రోమా 8 ఉంది, చాలా మంచిది. 88వ కీర్తన లేదు. చివరి వచనం కూడా చీకటి గురించే ఉన్న కీర్తన అది, ఒక్క స్తుతి మాట కూడా లేకుండా. డయాలసిస్ అయ్యాక ఒళ్లంతా పీల్చేసినట్టుండి నోట ప్రార్థన రాని సాయంత్రం అమ్మకు పనికొచ్చింది ఆ కీర్తనే. లూకా 13 కూడా లేదు. సిలోయములో గోపురం పడి చచ్చిన పద్దెనిమిది మంది తక్కినవాళ్లకంటే పాపులా అని యేసే అడిగి, కాదు అని ఆయనే చెప్పిన చోటు అది. గోపురం ఎందుకు పడిందో ఆయన చెప్పలేదు. మారుమనస్సు పొందండి అని వింటున్నవాళ్ల వైపు తిరిగాడు. యోహాను 9లో పుట్టు గుడ్డివాణ్ణి చూసి, పాపం ఎవరిది, వీడిదా, కన్నవాళ్లదా అని శిష్యులు అడిగితే ఇద్దరిదీ కాదన్నాడు. గుమ్మంలో నిలబడి పరిశీలన చేసుకోమనే ముందు ఈ రెండు చోట్లూ చదివితే చాలామంది రోగులు ఆ రాత్రి నిద్రపోతారు.

యేసు మాటలు ఎర్ర అక్షరాల్లో ఉండటం ఈ సైజులో చాలా బాగుంది. మత్తయి 27లో సిలువ ఘట్టం ఉన్న పేజీ అంతా నలుపే, మధ్యలో ఒకే ఒక్క ఎర్రటి కేక, "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని. ఎందుకు అని అడగడం అవిశ్వాసమని మాకు నేర్పినవాళ్లకు ఈ పేజీ చూపించాలని ఉంటుంది. ఆ ప్రశ్న అడిగినవాడు ఏ పాపం ఎరగనివాడు. పైనుంచి ఆ ఘడియలో జవాబు రాలేదు. మూడో రోజున సమాధి ఖాళీ అయింది. నేను నమ్మేది దాన్నే, అమ్మకు చదివి వినిపించేదీ దాన్నే.

కొనవచ్చా అంటే, తప్పకుండా కొనండి. అక్షరాల కోసం, బైండింగ్ కోసం ఇచ్చే డబ్బుకు న్యాయం ఉంది. వివరణలు లేని పెద్ద అక్షరాల ముద్రణ దొరికితే అదే తీసుకోండి, బరువు కూడా తగ్గుతుంది. జిప్ కవర్ వద్దు, ఒంటిచేత్తో ఆ జిప్ రాదు. అచ్చువేసేవాళ్లకు నాదొక విన్నపం. ఇదే సైజు అక్షరాల్లో యోబు, కీర్తనలు, నాలుగు సువార్తలు వేర్వేరు పల్చటి పుస్తకాలుగా, కింద ఒక్క వివరణ కూడా లేకుండా వేయండి. పక్క బెడ్ ఆయన క్రైస్తవుడు కాడు, కానీ సముద్రం గురించి ఉన్న ఆ భాగం తానూ చదువుకుంటానని అడిగాడు. ఇంత బరువు పుస్తకం ఆయన ఒళ్లో పెట్టలేక ఆ అధ్యాయం జిరాక్స్ తీయించి ఇచ్చాం.