లైనక్స్‌లో యూఎస్‌బీ స్కానర్: కంపెనీ డ్రైవరా, డ్రైవర్ అక్కరలేని పద్ధతా – ఏది మేలు?

లైనక్స్ కంప్యూటర్‌కు యూఎస్‌బీ కేబుల్‌తో కలిపిన మల్టీఫంక్షన్ యంత్రం ప్రింట్లు చక్కగా తీస్తూనే, స్కాన్ చేయబోతే మాత్రం స్కానర్ ఏదీ లేదని చెప్పడం చాలామందికి ఎదురయ్యే సమస్య. లైనక్స్‌లో ప్రింటింగ్‌ను కప్స్ అనే వ్యవస్థ చూసుకుంటుంది, స్కానింగ్‌ను సేన్ అనే వేరే వ్యవస్థ చూసుకుంటుంది. ఒకదానికి యంత్రం తెలిసినంత మాత్రాన రెండోదానికి తెలియాలని లేదు. యంత్రాన్ని సేన్‌కు పరిచయం చేయడానికి నేడు ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది తయారీ కంపెనీ ఇచ్చే ప్యాకేజీ: హెచ్‌పీకి హెచ్‌పీఎల్‌ఐపీ, బ్రదర్‌కు బీఆర్‌స్కాన్, ఎప్సన్‌కు ఎప్సన్ స్కాన్ 2 వంటివి. రెండోది ఏ కంపెనీ డ్రైవరూ లేకుండా ఐపీపీ-యూఎస్‌బీ, సేన్-ఎయిర్‌స్కాన్ అనే రెండు చిన్న ప్యాకేజీలతో పని నడిపించే పద్ధతి. కెనాన్ పిక్స్‌మా, శామ్‌సంగ్ యంత్రాలు చాలావాటికి సేన్‌లోనే డ్రైవర్లు ఉన్నాయి కనుక, ఆ యంత్రాలున్నవారు ముందు వాటినే ప్రయత్నించి చూడవచ్చు.

ఏ దారి పట్టినా ముందుగా తేల్చుకోవలసినవి రెండు. టెర్మినల్‌లో యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) ఆదేశం ఇచ్చినప్పుడు యంత్రం పేరు జాబితాలో కనబడకపోతే లోపం కేబుల్‌లోనో, హబ్‌లోనో, పోర్టులోనో ఉంటుంది, డ్రైవర్లు ఎన్ని మార్చినా ప్రయోజనం ఉండదు. పేరు కనబడుతుంటే, అదే ఆదేశాన్ని వివరాలతో సహా ఇచ్చి, ఇంటర్‌ఫేస్‌ల వద్ద క్లాస్ 7, సబ్‌క్లాస్ 1, ప్రోటోకాల్ 4 అనే మూడు అంకెలు కలిసి ఉన్నాయేమో చూడాలి. యూఎస్‌బీ ప్రమాణాల సంస్థ 2012లో ఐపీపీ అనే ప్రింటింగ్ ప్రోటోకాల్‌ను యూఎస్‌బీ మీద నడిపేందుకు నిర్ణయించిన గుర్తు అది. ఆ అంకెలుంటే రెండో దారికి అవకాశం ఉంది, లేకపోతే లేదు. ఎంపికలో సగం ఇక్కడే తేలిపోతుంది. ఇంత చిన్న పరీక్షను వదిలేసి కంపెనీ వెబ్‌సైటుకు పరుగెత్తడం వల్లనే చాలామంది చిక్కుల్లో పడుతున్నారని నా అభిప్రాయం.

డ్రైవర్ అక్కరలేని పద్ధతి పనిచేసే తీరు తెలిస్తే దాని బలం, బలహీనత రెండూ అర్థమవుతాయి. కొత్త యంత్రాలలో ఒక చిన్న వెబ్ సర్వర్ ఉంటుంది, వైఫై ద్వారా ఫోన్ నుంచి స్కాన్ చేసినప్పుడు మాట్లాడేది దానితోనే. ఐపీపీ-యూఎస్‌బీ అనే సేవ ఆ సర్వర్‌ను యూఎస్‌బీ కేబుల్ గుండా మన కంప్యూటర్‌లోకి తెచ్చి, లోకల్‌హోస్ట్‌లో (అంటే కంప్యూటర్ తన లోపలే వాడుకునే చిరునామాలో) 60000తో మొదలయ్యే పోర్టు మీద నిలబెడుతుంది. సేన్-ఎయిర్‌స్కాన్ దానితో ఈఎస్‌సీఎల్ అనే స్కానింగ్ ప్రోటోకాల్‌లో మాట్లాడుతుంది. అంటే స్కానింగ్ ప్రోగ్రాం దృష్టిలో అది నెట్‌వర్క్ స్కానరే. అందుచేత యూఎస్‌బీ అనుమతుల తలనొప్పి ఉండదు, ప్రాసెసర్ ఇంటెల్‌దైనా రాస్‌ప్‌బెర్రీ పై వంటి ఆర్మ్ బోర్డు అయినా తేడా రాదు, డిస్ట్రిబ్యూషన్ (ఉబుంటు, డెబియన్ వంటి లైనక్స్ రూపం) కొత్త వెర్షన్‌కు మారినా దాదాపు ఎప్పుడూ చెడదు. ఇంకో లాభం, ఆ పోర్టును బ్రౌజర్‌లో తెరిస్తే, నెట్‌వర్క్‌కు ఎన్నడూ కలపని యంత్రమైనా సరే, తన సెట్టింగుల పేజీని చూపిస్తుంది. బలహీనత ఏమిటంటే, యంత్రం ఈఎస్‌సీఎల్‌లో ఏయే సదుపాయాలు ఉన్నాయని చెబితే అవే దొరుకుతాయి. అత్యధిక రిజల్యూషన్, ఫిల్మ్ స్కానింగ్ వంటివి ఎక్కువగా అక్కడ ఉండవు. 7, 1, 4 అంకెలున్న యంత్రాలలోనూ కొన్ని ప్రింటింగ్‌ను మాత్రమే ఈ దారిన అనుమతిస్తాయి. ఎయిర్‌స్కాన్-డిస్కవర్ ఆదేశంలో యంత్రం పేరు వస్తేనే స్కానింగ్ కూడా ఉన్నట్టు.

కంపెనీ ప్యాకేజీకి ఉన్న బలం పూర్తి సదుపాయాలు, పాత యంత్రాలకు ఆధారం. మన ఊళ్ల జిరాక్స్ దుకాణాల్లో ఇప్పటికీ కనిపించే హెచ్‌పీ లేజర్‌జెట్ ఎం1005కి ఐపీపీ-యూఎస్‌బీ దారి లేనే లేదు, హెచ్‌పీఎల్‌ఐపీ తప్పదు. పైగా హెచ్‌పీఎల్‌ఐపీ ఒక్కటే సరిపోదు, హెచ్‌పీ-ప్లగిన్ ఆదేశంతో మూసిన సోర్సు గల బైనరీ ఒకటి విడిగా దించుకోవాలి. తిరకాసు ఈ ప్లగిన్ దగ్గరే వస్తుంది. దాని వెర్షన్ హెచ్‌పీఎల్‌ఐపీ వెర్షన్‌తో సరిగ్గా కలవాలి; డిస్ట్రిబ్యూషన్ అప్‌గ్రేడ్‌లో హెచ్‌పీఎల్‌ఐపీ ఒక మెట్టు ఎక్కి ప్లగిన్ పాతదే మిగిలితే, నిన్నటిదాకా పనిచేసిన స్కానర్ ఈ రోజు మూగబోతుంది. పరిష్కారం ఆ ఆదేశాన్ని మళ్లీ నడపడమే, కానీ కారణం తెలియనివారు యంత్రం పాడైందనుకుంటారు. బ్రదర్ డ్రైవర్లు ఎక్కువగా ఇంటెల్ తరహా ప్రాసెసర్లకే బైనరీలుగా వస్తాయి కనుక ఆర్మ్ బోర్డుల మీద ఆ దారి మూసుకుపోయినట్టే. వీటికి తోడు అనుమతుల సమస్య ఈ దారిలోనే ఎదురవుతుంది: స్కాన్‌ఇమేజ్ ఆదేశంతో స్కానర్ల జాబితా అడిగితే సూడోతో (నిర్వాహకుడి హక్కులతో) కనబడి మామూలు యూజర్‌కు కనబడకపోతే, పరికరాల అనుమతులు నిర్ణయించే యూడెవ్ నియమం లోపించిందని అర్థం. యూజర్‌ను స్కానర్ గ్రూపులోనో, ఎల్‌పీ గ్రూపులోనో చేర్చి, లాగౌట్ అయి తిరిగి లాగిన్ కావాలి. కొన్ని పాత స్కానర్లు యూఎస్‌బీ 3 పోర్టు మీద మొరాయిస్తాయి. వాటికోసమే సేన్‌లో సేన్ యూఎస్‌బీ వర్కరౌండ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది, దానికి 1 అని విలువ ఇచ్చి చూడడం మంచిది.

అసలు చిక్కు ఈ రెండు దారులూ ఒకే కంప్యూటర్‌లో కలిసినప్పుడు పుడుతుంది. ఐపీపీ-యూఎస్‌బీ ఒక యంత్రాన్ని పట్టుకుంటే మొత్తంగా తన అధీనంలోకి తీసుకుంటుంది, వేరే డ్రైవర్‌ను దగ్గరికి రానివ్వదు. ఉబుంటు 20.10 నుంచి ఇది డిఫాల్ట్‌గానే వస్తోంది, డెబియన్ 11 లోనూ దీన్ని వాడమనే సూచన ఉంది. కాబట్టి పాత అలవాటుకొద్దీ కంపెనీ డ్రైవర్ కూడా ఎక్కించినవారికి, జాబితాలో స్కానర్ పేరు రెండు మూడు సార్లు కనబడుతుంది, వాటిలో కంపెనీ డ్రైవర్ తాలూకు పేరు ఎంచుకుంటే పరికరం వాడుకలో ఉందనో, ఇన్‌పుట్-అవుట్‌పుట్ లోపమనో సందేశం వస్తుంది. పేర్లు రెట్టింపు కావడానికి ఇంకో కారణం కూడా ఉంది: సేన్‌లో సొంతంగా ఈఎస్‌సీఎల్ అనే బ్యాకెండ్ (డ్రైవర్ వంటి భాగం) ఉంది, అది ఎయిర్‌స్కాన్ చూపే యంత్రాన్నే మళ్లీ చూపుతుంది. సేన్ కాన్ఫిగరేషన్ ఫోల్డర్‌లోని డీఎల్‌ఎల్ ఫైలులో ఈఎస్‌సీఎల్ వరుస ముందు హాష్ గుర్తు పెడితే ఆ రెండోది మాయమవుతుంది. కంపెనీ డ్రైవరే కావాలనుకుంటే ఐపీపీ-యూఎస్‌బీ సేవను సిస్టమ్‌సీటీఎల్ ఆదేశంతో ఆపాలి, లేదా దాని క్వర్క్స్ ఫైలులో (మోడళ్లవారీ ప్రత్యేక సెట్టింగులు ఉండేది) ఆ ఒక్క మోడల్‌ను బ్లాక్‌లిస్ట్ చేయాలి. రెండింటినీ ఉంచుకుని ఏదో ఒకటి పనిచేస్తుందిలే అనుకోవడమే అన్నిటికన్నా చెడ్డ ఎంపిక.

యంత్రానికి వైఫై కూడా ఉంటే దాన్ని మూడో దారిగా లెక్కించవచ్చు, ఎందుకంటే అక్కడా మాట్లాడేది సేన్-ఎయిర్‌స్కానే. ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడే చోట అదే సుఖం. అయితే ఫైర్‌వాల్ నెట్‌వర్క్‌లో పరికరాలను కనుగొనేందుకు వాడే యూడీపీ 5353 పోర్టును అడ్డుకున్నా, రౌటర్ పరికరాలను ఒకదానికొకటి కనబడకుండా వేరు చేసినా స్కానర్ దొరకదు. ఆధార్, భూమి పత్రాల వంటివి స్కాన్ చేసేవారు కేబుల్‌కే మొగ్గితే నేను కాదనను. కేబుల్ మీద స్కాన్ కాని యంత్రం వైఫై మీద అయిందంటే, ఎయిర్‌స్కాన్ బాగుందని, లోపం ఐపీపీ-యూఎస్‌బీలోనో కేబుల్‌లోనో ఉందని కూడా తెలుస్తుంది.

నాణ్యత విషయంలో సామాన్య అవసరాలకు తేడా లేదు. తెలుగు పుస్తకాల పుటలను అక్షరాలను గుర్తించే టెసెరాక్ట్ ప్రోగ్రాంతో పాఠ్యంగా మార్చాలనుకునేవారికి 300 డీపీఐ గ్రేస్కేల్ చాలు, అది ఏ దారిలోనైనా దొరుకుతుంది. పాత ఫొటోలు, నెగటివ్‌లు 1200 డీపీఐలో కావాలనుకునేవారు మాత్రం కంపెనీ ప్యాకేజీనో, డబ్బు చెల్లించి వ్యూస్కాన్ వంటి ప్రోగ్రామునో ఆశ్రయించవలసి రావచ్చు. వ్యూస్కాన్ ట్రయల్ కాపీ స్కాన్‌పై వాటర్‌మార్క్ వేస్తుంది కనుక కొనకముందే తమ స్కానర్ దానితో నడుస్తుందో లేదో చూసుకోవచ్చు.

కొత్తగా యంత్రం కొనబోయేవారు 7, 1, 4 ఉన్నదాన్నే, అందులోనూ ఈఎస్‌సీఎల్ స్కానింగ్ ఉన్నదాన్నే చూసి కొనాలి, కంపెనీ పెట్టె మీద లైనక్స్ మద్దతు అని రాసి ఉన్నా లేకపోయినా. ఇప్పటికే అలాంటి యంత్రం ఉండి, కంపెనీ ప్యాకేజీతో అవస్థ పడుతున్నవారు ఆ ప్యాకేజీని తొలగించి, ఐపీపీ-యూఎస్‌బీని రీస్టార్ట్ చేసి, యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసి చూడాలి. ఎం1005 తరం యంత్రాలవారు హెచ్‌పీఎల్‌ఐపీతోనే ఉండి, ప్రతి సిస్టమ్ అప్‌గ్రేడ్ తరువాత స్కాన్ చేయడానికి ముందే ప్లగిన్‌ను మళ్లీ దించుకోవడం అలవాటు చేసుకోవాలి.