హై టెంపరేచర్ టెన్సైల్ టెస్టింగ్ సర్వీస్: రిపోర్ట్ భలే ఉంది, స్పీడ్ మాత్రం రాయలేదు (5కి 3)

ఫ్యూయల్ క్లాడింగ్‌కి, అంటే అణు రియాక్టర్‌లో ఇంధనాన్ని లోపల పెట్టే ట్యూబులకి, వాడే స్టీల్ సాంపిల్స్ రెండు రకాలు, 316 అనే స్టెయిన్‌లెస్ స్టీల్ ఒకటి, ఐరన్-క్రోమియం-అల్యూమినియం ఒకటి, 1000 నుంచి 1200 డిగ్రీల దాకా లాగి చూడమని ఒక ల్యాబ్‌కి పంపాం. పేరు చెప్పను లెండి, చివరికి పని చేసిపెట్టారు కదా.

1200 దాకా ఎందుకంటే, రియాక్టర్లలో మామూలుగా వాడే జిర్కోనియం క్లాడింగ్‌కి అమెరికా రూల్స్‌లో పెట్టిన హద్దు 1204 డిగ్రీల సెల్సియస్, అక్కడికొచ్చేసరికి ఆవిరితో రియాక్షన్ చాలా జోరుగా ఉంటుంది, దాన్లోంచి వచ్చే వేడి ఇంకా వేడెక్కిస్తుంది, పైగా హైడ్రోజన్ పుడుతుంది, అది పేలితే ఏమవుతుందో 2011లో ఫుకుషిమాలో చూశాం కదా. అల్యూమినియం ఉన్న స్టీల్ అయితే పైన అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొర కట్టుకుని ఆవిరిని తట్టుకుంటుంది. తట్టుకుంటుంది సరే, బలం మాటేంటి? లోపలి గ్యాస్ ప్రెషర్‌కి ట్యూబ్ బుడగలా ఉబ్బి పగిలితే ఆ పొర ఉండి ఏం లాభం. మామూలు టెంపరేచర్‌లో 500 మెగాపాస్కల్ దాటి లాగినా ఆగే 316, 1000 డిగ్రీల దగ్గర 100 కూడా ఆగదు.

మొదటి రిపోర్ట్ రంగురంగుల గ్రాఫులతో ముచ్చటగా వచ్చింది. కానీ అందులో 316 బలం 1000 కంటే 1100 దగ్గర ఎక్కువట! ఫోన్ చేసి గుచ్చి గుచ్చి అడిగితే, వేడివి త్వరగా అయిపోవాలని స్పీడ్ పెంచి లాగాం సార్ అన్నాడు ఆపరేటర్. అంత వేడిలో లోహం మైనంలా నెమ్మదిగా సాగిపోతుంటుంది, సాగే టైమ్ ఇవ్వకుండా గబుక్కున లాగితే ఎక్కువ నంబరే వస్తుంది మరి, స్ట్రెయిన్ రేట్, అంటే ఎంత వేగంగా సాగదీశారో, రాయని బలం నాకైతే సగం లెక్కే. ఫోటోలో చూస్తే వేడి కొలిచే థర్మోకపుల్ కూడా సాంపిల్‌ని తాకకుండా ఫర్నేస్ గోడ పక్కన వేలాడుతోంది, పట్టుకునే గ్రిప్పులేమో నీళ్ళతో చల్లబడేవి, ఇంక సాంపిల్ అసలు వేడి ఎంతో ఎవరికి తెలుసు.

మెచ్చుకోవాల్సిందేంటంటే వాదించలేదు. గేజ్ మీదే, అంటే సాంపిల్‌లో సాగే మధ్య భాగం మీదే, పైన, మధ్యలో, కింద మూడు థర్మోకపుల్స్ పెట్టి, అన్నిటికీ ఒకటే స్పీడ్‌తో, ఉచితంగా మళ్ళీ చేశారు, ఈసారి కర్వులు బుద్ధిగా ఒకదాని కింద ఒకటి దిగాయి.

తెగిన ముక్కలు మాత్రం, కొన్నైతే చివర సూదిలా సాగి ఉన్నాయి, అన్నీ ఒకే కవర్లో లేబుల్ లేకుండా పడేసి పంపారు. ఏది 1000దో ఏది 1200దో ఇప్పుడు మైక్రోస్కోప్ కింద లోహంలోని రేణువుల (గ్రెయిన్) సైజు చూసుకుంటూ మేమే తేల్చుకోవాలి.