గ్లౌజులా, నలోక్సోనా, స్కానరా? సరిహద్దు అధికారులకు ఏది మేలు?

ఫెంటనిల్ అనే మత్తుమందు ప్యాకెట్ తాకగానే అమెరికా పోలీసు ఒకరు కుప్పకూలిపోయే వీడియోలు వాట్సాప్‌లో తిరిగినప్పుడల్లా నాకు అదే ప్రశ్న వస్తుంది. "ముట్టుకుంటేనే ఇలా అయితే, మెక్సికో సరిహద్దులో రోజూ వాటినే పట్టుకునే వాళ్ల సంగతేంటి? గ్లౌజులు, మాస్కులు సరిపోతాయా? మత్తుకు విరుగుడుగా ముక్కులో కొట్టే నలోక్సోన్ స్ప్రే ఇస్తే మేలా? లేక ఆ డబ్బంతా స్కానర్ల మీద పెట్టాలా?" నేను హైదరాబాద్ దగ్గర ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో భద్రత చూస్తాను. చిటికెడు పొడితో మనిషిని పడగొట్టే మందులు మా దగ్గరా తయారవుతాయి. అందుకే ఈ ప్రశ్నకు మా ఫ్యాక్టరీ లెక్కలోనే జవాబు చెబుతాను.

ముందు భయం సంగతి. ఫెంటనిల్ మార్ఫిన్ కంటే సుమారు 100 రెట్లు, హెరాయిన్ కంటే 50 రెట్లు బలమైనది. ఒంట్లోకి 2 మిల్లీగ్రాములు వెళ్తే ప్రాణం పోవచ్చని అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ చెబుతుంది. ఏనుగుల్ని మత్తులో ముంచే కార్ఫెంటనిల్ అయితే మార్ఫిన్ కంటే 10,000 రెట్లు. ఈ అంకెలన్నీ నిజమే. కానీ అవి మందు ఒంట్లోకి వెళ్లాక చేసే పని గురించి చెబుతున్నాయి. చేతికి అంటితే ఏమవుతుందన్నది వేరే లెక్క.

ఆ లెక్కను 2017లో అమెరికాలోని రెండు టాక్సికాలజీ (విషపదార్థాల శాస్త్రం) సంఘాలు కలిసి తేల్చాయి. పొడి పొరపాటున చర్మానికి తగిలినంత మాత్రాన మత్తు ఎక్కే అవకాశం దాదాపు లేదన్నాయి. రెండు అరచేతులనూ పూర్తిగా ఫెంటనిల్ ప్యాచ్‌లతో కప్పినా, ఆస్పత్రిలో ఇచ్చే 100 మైక్రోగ్రాముల మోతాదు ఒంట్లోకి వెళ్లడానికి సుమారు 14 నిమిషాలు పడుతుంది. అవి చర్మంలోకి మందు పంపడానికే తయారుచేసిన ప్యాచ్‌లు. ఎండు పొడికి ఆ శక్తి లేదు. ఫ్యాక్టరీల గాలిలో కొలిచిన అత్యధిక స్థాయిలో, మాస్క్ లేకుండా నిలబడినా అదే మోతాదు చేరడానికి 200 నిమిషాలు పడుతుందని వాళ్ల లెక్క. 2002 అక్టోబరులో మాస్కో థియేటర్‌లో 130 మంది దాకా బందీలు చనిపోయారు కదా అని కొందరు అడుగుతారు. అక్కడ ఈ జాతి మందును కావాలని గాలిలో కలిపి, మూసిన హాల్లోకి వదిలారు. పొట్లం నేల మీద పడి చిట్లడం దానికి సాటి కాదు.

అంటే ప్రమాదం లేదని కాదు. ముక్కు, నోరు, కళ్లు దీనికి నిజమైన దారులు. పొడి దుమ్ముగా లేచినప్పుడే ఆ దారులు తెరుచుకుంటాయి. దుమ్ము ఎప్పుడు లేస్తుంది? కారు డోరు లోపలి రహస్య అరలోకి డ్రిల్ దింపినప్పుడు, టేపు చుట్టిన ఇటుకలాంటి పొట్లాన్ని బ్లేడుతో కోసినప్పుడు, పోస్టులో వచ్చిన కవరు విప్పి తూకం వేసినప్పుడు. వీటన్నిటిలోనూ ఉన్నది ఒకటే, తెరవడం. అందుకే ఏది మేలో తేల్చేటప్పుడు నేను ముందుగా చూసేది, ఆ పద్ధతి వల్ల అధికారి పొట్లం తెరవాల్సిన సందర్భాలు ఎన్ని తగ్గుతాయన్నది.

మా దగ్గర దీనికొక వరస ఉంది. ముందు ప్రమాదాన్నే లేకుండా చేయాలి. కుదరకపోతే మనిషికీ దానికీ మధ్య అడ్డం పెట్టాలి. అదీ కుదరకపోతే పని చేసే పద్ధతి మార్చాలి. ఒంటికి తొడుగులు చివరి మాట. సరిహద్దు మీద చర్చ మాత్రం ఎప్పుడూ ఆ చివరి మాటతోనే మొదలవుతుంది.

సరే, గ్లౌజులూ మాస్కులతోనే మొదలుపెడదాం. పౌడర్ లేని నైట్రైల్ గ్లౌజులు రోజువారీ పనికి చాలు. దుమ్ము లేచే పని అయితే ముక్కూ నోరూ కప్పే పీ100 రకం రెస్పిరేటర్, కళ్లద్దాలు కావాలి. ఖర్చు తక్కువ, ఎక్కడైనా దొరుకుతాయి, వీటిని వద్దనే వాళ్లు ఎవరూ ఉండరు. చిక్కల్లా వాడకంలో ఉంది. గ్లౌజు వేసుకున్న చేత్తోనే ఫోన్ ఎత్తుతారు, చెమట తుడుచుకుంటారు. ఆ ఫోనే తర్వాత బుగ్గకు ఆనుతుంది. గ్లౌజు తీసేటప్పుడు అసలు పరీక్ష. మణికట్టు దగ్గర బయటివైపు పట్టుకుని, లోపలిది బయటికి వచ్చేలా మెల్లగా లాగాలి. తీసినదాన్ని రెండో గుప్పిట్లోనే ఉంచుకోవాలి. ఖాళీ వేలిని రెండో గ్లౌజు లోపలికి దూర్చి, మొదటిది దానిలోనే చుట్టుకుపోయేలా తిప్పేయాలి. చటుక్కున లాగితే ఉన్న పొడి కాస్తా ముఖం మీదికే ఎగురుతుంది. రెస్పిరేటర్ ముఖానికి అతుక్కుని కూర్చోవాలి, గడ్డం ఉంటే కూర్చోదు. అరిజోనా ఎండలో 40 డిగ్రీల వేడిలో, ట్రక్కుల వరస మధ్య, షిఫ్ట్ అంతా దాన్ని పెట్టుకుని ఉండమంటే ఎవరివల్లా కాదు.

కరోనా నేర్పిన అలవాటు ఒకటి ఇక్కడ పూర్తిగా తప్పవుతుంది. చేతికి పొడి అంటితే శానిటైజర్ రాయకూడదు. ఆల్కహాల్ వల్ల మందు చర్మంలోకి దిగడం పెరగవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ హెచ్చరిస్తుంది. సబ్బు, చల్లటి నీళ్లు చాలు. ప్రతి తనిఖీ బల్ల పక్కనా ఒక కుళాయి ఉండాలన్నది నా పట్టుదల. బడ్జెట్ పద్దుల్లో ఎవరికీ కనిపించని వస్తువది.

ఇక నలోక్సోన్. ఇది గొప్ప మందే, దాన్ని తక్కువ చేయడం లేదు. 4 మిల్లీగ్రాముల స్ప్రేను ఒక ముక్కు రంధ్రంలో కొడితే రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతున్న ఊపిరి మళ్లీ అందుకుంటుంది. డాక్టర్ చీటీ లేకుండా దాన్ని అమ్మడానికి అమెరికా 2023 మార్చిలో అనుమతి ఇచ్చింది. సరిహద్దు అధికారుల దగ్గర, కుక్కల్ని తిప్పే హ్యాండ్లర్ల దగ్గర ఇది ఉంటుంది, ఉండాలి కూడా. ఎందుకంటే పొట్లం మింగి వచ్చిన ప్రయాణికుడు వాళ్ల కళ్లముందే పడిపోవచ్చు. నా లెక్కలో ఈ స్ప్రే ఎక్కువగా కాపాడేది అలాంటి ప్రయాణికుణ్నే.

అధికారి రక్షణకు దీన్నే మొదటి ఏర్పాటు అనడం మాత్రం నాకు నచ్చదు. ప్రమాదం జరిగిపోయాక వాడేది ఇది. పైగా వీడియోల్లో కనిపించే లక్షణాలు చూడండి. గుండె దడ, వేగంగా ఊపిరి, తిమ్మిర్లు, కళ్లు తిరగడం. ఫెంటనిల్, హెరాయిన్ లాంటి ఓపియాయిడ్ మందు ఎక్కితే అంతా దీనికి తలకిందులు. ఊపిరి మందగిస్తుంది, కంటిపాప సూదిమొనంత అవుతుంది, పెదాలు నీలంగా మారతాయి, పిలిస్తే పలకరు. మొదటి రకం చాలామటుకు తీవ్రమైన భయం తెచ్చేది. ఆ భయం ఒట్టిదని నేను అనను, శరీరం నిజంగానే అలా స్పందిస్తుంది. కానీ దానికి మందు సరైన శిక్షణ. ఆ శిక్షణ లేకపోతే ఇంకో నష్టం ఉంది. నిజంగా ఊపిరి ఆగిన మనిషి పక్కకు వెళ్లడానికి కూడా అధికారులు జంకుతారు.

స్ప్రేకి ఇంకో పరిమితి, అది 25 డిగ్రీల లోపు ఉండాలి, మధ్యమధ్యలో 40 దాకా ఓర్చుకుంటుంది. ఎండలో నిలిపిన జీపు డ్యాష్‌బోర్డులో పెట్టే వస్తువు కాదది. దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే కాబట్టి మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. ఇప్పుడు ఫెంటనిల్‌లో కలుపుతున్న జైలజీన్ అనే పశువుల మత్తుమందు మీద అది పనే చేయదు. అప్పుడు స్ప్రేతో పాటు కృత్రిమ శ్వాస కూడా ఇవ్వాలి.

ఇప్పుడు నా మొగ్గు ఎటో చెప్పేస్తాను. తెరవకుండానే తేల్చే పరికరాలవైపు. అమెరికా 2018 జనవరి 10న ఇంటర్‌డిక్ట్ చట్టం తెచ్చింది. సరిహద్దు, కస్టమ్స్ విభాగానికి ఇలాంటి పరికరాలు, ల్యాబ్ సౌకర్యాలు, సిబ్బంది కోసం 90 లక్షల డాలర్లకు అందులో అనుమతి ఇచ్చారు. ట్రూనార్క్ అనే చేతి పరికరం వీటిలో బాగా తెలిసినది. దాని కొనను పారదర్శకమైన కవరుకు ఆనించి మీట నొక్కితే, లేజర్ కాంతి కవరు దాటి పొడిని తాకి వెనక్కి వస్తుంది. వచ్చిన కాంతిలోని మార్పును పరికరం తన లైబ్రరీతో పోల్చి పేరు చెబుతుంది. అదే రామన్ ఎఫెక్ట్. చిన్నప్పుడు మన విశాఖలో సెయింట్ అలోషియస్ స్కూల్లో చదువుకున్న సర్ సీవీ రామన్ 1928లో కనిపెట్టింది ఇప్పుడు అరిజోనాలో మెక్సికో సరిహద్దు పట్టణమైన నొగాలెస్ చెక్‌పోస్టులో అధికారి ఊపిరితిత్తుల్ని కాపాడుతోంది. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఎప్పుడూ సంతోషమే.

దీనికీ లోపాలున్నాయి, అవి చిన్నవి కావు. కవరు పారదర్శకంగా లేకపోతే, గోధుమరంగు టేపో రేకో చుట్టి ఉంటే కాంతి లోపలికి పోదు. ముదురు రంగు హెరాయిన్ లేజర్ తగలగానే తనే మెరిసి రీడింగ్‌ని ముంచేస్తుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు పలుచదనం. మెక్సికో నుంచి వచ్చే నీలం మాత్రల్లో ఫెంటనిల్ పాలు చాలా తక్కువ, మిగతాదంతా పూరక పొడి. అంత తక్కువను మామూలు రామన్ పట్టుకోలేదు. ప్రత్యేక కిట్‌తో నమూనా తీయాలి, అంటే మళ్లీ తెరవాలి. ఎమ్‌ఎక్స్908 అనే రెండో రకం పరికరం ఇక్కడ ఆదుకుంటుంది. పొట్లం పైభాగాన్ని స్వాబ్‌తో తుడిచి దానిలో పెడితే, అంటుకున్న జాడలతోనే చెబుతుంది. స్మగ్లర్లు పొట్లాలు చుట్టేటప్పుడు పైన పొడి అంటకుండా ఉండటం కష్టం కాబట్టి ఇది చాలాసార్లు పనికొస్తుంది. ఒక్కటే కొనగలిగే పరిస్థితి ఉంటే, పోస్టల్ కేంద్రానికి మొదటిది, ట్రక్కుల చెక్‌పోస్టుకు రెండోది అంటాను. పోస్టులో చైనా నుంచి నేరుగా వచ్చిన పొడి 90 శాతం పైన స్వచ్ఛంగా ఉండేది. ఆ చిక్కదనంలో రామన్ తడబడదు. అలాంటి పొడి దుమ్ముగా లేస్తే జరిగే హానీ ఎక్కువే.

పరికరం తెర మీద వచ్చిన గీతలు అర్థం కాకపోతే అధికారి ఒంటరివాడు కాడు. వాటిని 24 గంటలూ పనిచేసే కేంద్రంలోని రసాయన నిపుణులకు పంపి అడగవచ్చు. నాకు ఈ ఏర్పాటు పరికరం కంటే కూడా ఎక్కువ నచ్చింది. అనుమానం తీర్చే మనిషి ఫోన్‌లో ఉంటే, "సరే, ఒకసారి విప్పి చూద్దాం" అనే తొందర తగ్గుతుంది.

పెద్ద ఎక్స్‌రే స్కానర్లు వేరే పని చేస్తాయి. డ్రగ్ పేరు చెప్పవు, ఎక్కడ ఉందో చెబుతాయి. 2019 జనవరిలో నొగాలెస్‌లో దోసకాయల ట్రక్కు అడుగున రహస్య అరలో 254 పౌండ్ల ఫెంటనిల్ దొరికింది. 2024 జులైలో అదే అరిజోనాలోని లూక్‌విల్ దగ్గర ఒక ట్రెయిలర్ ఫ్రేమ్‌లో 40 లక్షల మాత్రలు దొరికాయి. అలాంటి బండిలో సరిగ్గా ఎక్కడ విప్పాలో ముందే తెలిస్తే పది చోట్ల డ్రిల్ దింపే పని తప్పుతుంది. భద్రత కోసం ఎవరూ వీటిని కొనరు గానీ, భద్రతకు ఇవి చేసే మేలు తక్కువేమీ కాదు.

మిగతావాటి గురించి క్లుప్తంగా. రంగు మారే రసాయన కిట్లు పొట్లం విప్పి నమూనా తీయమంటాయి, తప్పు ఫలితాలూ ఇస్తాయి. కాబట్టి ఫెంటనిల్ అనుమానం ఉన్నచోట వద్దు. ఫెంటనిల్ టెస్ట్ స్ట్రిప్‌లు చవక, కానీ నైటజీన్లు అనే కొత్త ఓపియాయిడ్లను పట్టుకోలేవు. కుక్కలు అద్భుతంగా వెతుకుతాయి, అయితే ముక్కు పొడికి దగ్గరగా పెట్టేది అవే.

మన దగ్గర ఎలాగంటారా? 2021 సెప్టెంబరులో ముంద్రా పోర్టులో టాల్క్ పేరుతో వచ్చిన 2,988 కిలోల హెరాయిన్ పట్టుబడినప్పుడు, దిగుమతి కంపెనీ చిరునామా విజయవాడ కావడంతో మన పేపర్లన్నీ దాని గురించే రాశాయి. సంచుల నిండా మెత్తటి పొడి. వాటిని విప్పిన వాళ్లు ఏం తొడుక్కున్నారు, ఏ గదిలో విప్పారు అన్నది ఆ రోజుల్లో నేను చదివిన వార్తల్లో కనిపించలేదు. 2018లో ఇండోర్‌లో సుమారు 9 కిలోల ఫెంటనిల్ పట్టుకున్నప్పుడు మాత్రం డీఆర్‌ఐ (రెవెన్యూ ఇంటెలిజెన్స్) అధికారులు గ్వాలియర్ రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల సాయం తీసుకున్నారు. అది సరైన పద్ధతి, ప్రతి పెద్ద పోర్టుకూ అలవాటు కావాల్సింది.

పరికరం లేని చిన్న చెక్‌పోస్టులో రాత్రి డ్యూటీలో ఉన్న అధికారి ఏం చేయాలని ఒకరు అడిగారు. ఫ్యాన్ ఆపాలి, గ్లౌజులు వేసుకోవాలి, పొట్లాన్ని ఉన్నది ఉన్నట్టుగా మందపాటి పారదర్శక కవర్లో పెట్టి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి సీలు వేయాలి. తూకం కవర్లతో సహా వేయాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. నమూనా తీసే పని గాలిని బయటికి లాగే హుడ్ ఉన్న ల్యాబ్‌కు వదిలేయాలి. అక్కడ తేలడానికి రెండు రోజులు పట్టినా కేసు పాడవదు.