విజయవాడలో ఒకరు, గుంటూరులో ఒకరు: ఇల్లు తాడేపల్లిలోనా, మంగళగిరిలోనా, నంబూరులోనా?

ఈ ప్రశ్న ఈ మధ్య నన్ను అడగని వాళ్ళు లేరు. ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది, మా ఆడపడుచు అడిగింది, పోయిన వారం మా పిన్ని వాళ్ళబ్బాయి కూడా ఫోన్ చేసి అదే అడిగాడు. అందరిదీ మా కథే, భార్యాభర్తల్లో ఒకరి ఉద్యోగం బెజవాడలో, ఇంకొకరిది గుంటూరులో. మాకు నాలుగేళ్ళయింది, నేను బెజవాడ గవర్నర్‌పేటలో పని చేస్తా, మా ఆయన గుంటూరు బ్రాడీపేటలో. మొదట నంబూరు వైపు ఏడాదిన్నర ఉన్నాం, ఇప్పుడు మంగళగిరి. తాడేపల్లిలో మాత్రం మేము ఉండలేదు, ఇళ్ళు చాలా చూశాం, మా అక్క వాళ్ళు అక్కడే ఉంటారు కాబట్టి సంగతులు తెలుసు.

అందరూ ముందు చేసే లెక్క కిలోమీటర్లది. రెండు ఊళ్ళకీ మధ్య ముప్పై చిల్లర కిలోమీటర్లు, మంగళగిరి నుంచి బెజవాడ పన్నెండు పదమూడు, గుంటూరు ఇరవై, కాబట్టి నడిమధ్యలో ఉండాలంటే ఇంకొంచెం గుంటూరు వైపు జరగాలి కదా అనుకుని మేము నంబూరు వెళ్ళాం. అక్కడే పొరపాటు చేశాం. గుంటూరు వైపు హైవే మీద ఇరవై కిలోమీటర్లు సాఫీగా పోతాయి, బెజవాడ వైపు కృష్ణ మీది వారధి ఎక్కాక సాయంత్రం పూట రెండు కిలోమీటర్లకే ప్రాణం పోతుంది. మా ఇద్దరికీ మంగళగిరి నుంచి పట్టే టైమ్ ఇంచుమించు ఒకటే.

కానీ నా దృష్టిలో అసలు తేల్చాల్సింది అది కూడా కాదు, బస్సు దిగాక ఇంటికి ఎంత నడక, ఆ దారి ఎలాంటిది అనేదే. మాకున్నది ఒకటే కారు, అది మా ఆయన తీసుకెళ్తారు, నేను బస్సు. నంబూరులో ఉన్నప్పుడు నాగార్జున యూనివర్సిటీ దాటాక హైవే మీద దిగేదాన్ని, అక్కడి నుంచి ఇంటికి షేర్ ఆటో. ఏడింటి లోపు దిగితే ఫర్వాలేదు, ఎనిమిది దాటితే ఆటో ఉండేది కాదు, లారీలు దూసుకుపోతుంటే హైవే దాటి లైట్లు లేని సర్వీస్ రోడ్డు పట్టుకుని నడవాలి. ఆయనకి ఫోన్ చేసి కారు తెప్పించుకోవడం, ఆయన క్లాసు ఉన్న రోజు నేను అక్కడే నిలబడి ఎదురుచూడటం, ఇదే మా ఏడాదిన్నర. ఇల్లు బాగుంది, అద్దె తక్కువ, గాలి వెలుతురు ఉన్నాయి, అయినా ఆ అరగంట కోసమే వదిలేశాం.

మంగళగిరిలో పాత బస్టాండ్ దగ్గర దిగితే దుకాణాలు తెరిచే ఉంటాయి, జనం ఉంటారు, కూరగాయలు కొనుక్కుని పది నిమిషాల్లో ఇంటికి వచ్చేస్తా. బస్సులోంచి నరసింహస్వామి గుడి గాలిగోపురం కనిపిస్తే ఇంటికి వచ్చేసినట్టే అనిపిస్తుంది నాకు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ కాబట్టి నా నెల ఖర్చు కూడా పోయింది, కాకపోతే సీటు దొరకడం కష్టమైంది. నాన్‌స్టాప్‌ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి, మధ్యలో ఆగదు, మనకి పనికిరాదు.

టోల్ సంగతి చాలామంది మర్చిపోతారు. కాజ టోల్‌గేట్ మంగళగిరికీ నంబూరుకీ మధ్యలో ఉంది, అంటే తాడేపల్లి, మంగళగిరిలో ఉంటే గుంటూరు వెళ్ళే వాళ్ళకి పడుతుంది, నంబూరు, పెదకాకానిలో ఉంటే బెజవాడ వెళ్ళే వాళ్ళకి పడుతుంది. కారులో వెళ్ళేది ఎవరో దాన్ని బట్టి చూసుకోండి, బైక్‌కి ఎలాగూ టోల్ లేదు. 2025 ఆగస్టులో మూడు వేలకి మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ చూసి సంబరపడకండి, అది 200 ట్రిప్పులకే, రోజుకి రెండు సార్లు దాటితే వంద రోజుల్లో అయిపోతుంది. గేట్‌కి 20 కిలోమీటర్ల లోపు ఉండే వాళ్ళకి ఇచ్చే లోకల్ నెల పాస్ చాలా చవక, కానీ దానికి అడ్రస్ ప్రూఫ్ కావాలి, అద్దెకి దిగగానే ఆధార్ అడ్రస్ మార్పించుకోండి. మేము బద్ధకించి కొన్ని నెలలు ఊరికే పోగొట్టుకున్నాం.

తాడేపల్లి బెజవాడ వాళ్ళకి స్వర్గం, అది ఒప్పుకోవాలి. వారధి దాటితే బస్టాండే, బైకో కారో ఉంటే ప్రకాశం బ్యారేజీ మీద నుంచి కూడా పోవచ్చు. పిల్లల స్కూలు, హాస్పిటల్ బెజవాడలోనే అనుకునే వాళ్ళకి, గుంటూరు వెళ్ళే మనిషి రోజూ వెళ్ళక్కర్లేని ఉద్యోగమైతే, నేనైనా తాడేపల్లే అంటా. రోజూ వెళ్ళాలంటే మాత్రం ఆ దూరమంతా ఒక్కరి నెత్తిన పడుతుంది. ఇంకోటి, నదికి దగ్గరగా పల్లంలో ఇల్లు చూస్తే 2024 సెప్టెంబర్‌లో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో పక్కింటి వాళ్ళని అడగండి, అప్పుడు బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వర్షాలకే కాజ టోల్‌గేట్ దగ్గర హైవే కూడా మునిగింది కాబట్టి మాకూ ఆ రెండు రోజులు దారి లేదు, ఆ విషయంలో మంగళగిరి గొప్పేం కాదు.

మంగళగిరి కష్టాలు కూడా చెప్పాలిగా. అద్దెలు పెరిగిపోయాయి, ఎయిమ్స్ వాళ్ళు, రాజధాని ఆఫీసుల వాళ్ళు అందరూ ఇక్కడే వెతుకుతున్నారు. ఫాల్గుణంలో నరసింహస్వామి తిరునాళ్ళ రోజుల్లో ఊళ్ళోకి బండి రావడం కష్టం.

తెనాలి గురించి కూడా అడుగుతున్నారు, సొంతిల్లు ఉంటే తప్ప వద్దు. రైలు టైమ్‌కి మీ ఆఫీసు టైమ్ సరిపోతే సీజన్ టికెట్‌తో గడిచిపోతుంది, అంతే.

ఇల్లు చూడ్డానికి ఆదివారం పగలు వెళ్ళకండి. పని రోజున ఆఫీసు నుంచే బస్సెక్కి, రాత్రి ఎనిమిదింటికి ఆ స్టాపులో దిగి, ఇంటిదాకా నడవండి. ఇప్పుడున్న ఇల్లు మేము అలాగే చూశాం, ఓనరు పిన్నిగారు 'చీకట్లో ఏం కనిపిస్తుందమ్మా, రేపు పొద్దున రండి' అన్నారు. ఆ రాత్రే అడ్వాన్స్ ఇచ్చేసి వచ్చాం.