ఒకే గిటార్‌తో అన్నీ వాయించడానికి: ఆరేళ్ల హెచ్ఎస్ఎస్ పికప్‌ల అనుభవం

ఆరేళ్లుగా నా గిటార్‌లో పికప్‌లు (స్ట్రింగ్స్ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే మాగ్నెట్, కాయిల్ భాగాలు) హెచ్ఎస్ఎస్: బ్రిడ్జ్ దగ్గర హంబకర్, మధ్యలో ఒకటి, నెక్ దగ్గర ఒకటి సింగిల్ కాయిల్స్. సింగిల్ కాయిల్‌కి ఒకే తీగచుట్ట, అందుకే హమ్, అంటే కరెంటు గుంయ్ శబ్దం, వస్తుంది. హంబకర్‌లో రెండు కాయిల్స్ కలిసి ఆ హమ్‌ను కొట్టేస్తాయి. ఒకే సాయంత్రం ఫంక్, బ్లూస్, హార్డ్ రాక్ అన్నీ వాయించాల్సి వచ్చి, రెండో గిటార్ మోసే ఓపిక లేని నాలాంటివాడికి ఇది బాగా సరిపోయింది. అయితే ఇక్కడికి సూటిగా రాలేదు. దారిలో ఒక పికప్ తప్పు కొన్నాను, ఒకసారి వైర్లు తప్పు అతికించాను.

మొదట బ్రిడ్జ్‌లో పెట్టింది హై అవుట్‌పుట్ సిరామిక్ మాగ్నెట్ హంబకర్. మీటర్ పెడితే 16 కిలో ఓమ్స్ చూపించేది. పామ్ మ్యూట్ (అరచేతి అంచు స్ట్రింగ్స్‌పై ఆనించి) కొడితే బిగుతుగా, గుద్దినట్టు వచ్చేది. నెల రోజులు సంబరపడ్డాను. ఆ తర్వాత క్లీన్ పాట ఒకటి వాయించాల్సి వచ్చింది. ఆంప్ క్లీన్ చానల్ కూడా గరగరలాడింది. వేలితో మెల్లగా మీటినా, పిక్‌తో గట్టిగా కొట్టినా ఇంచుమించు ఒకే శబ్దం. వాల్యూమ్ తగ్గిస్తే దుప్పటి కప్పినట్టయింది. కాయిల్‌లో చుట్లు పెరిగేకొద్దీ అవుట్‌పుట్ పెరుగుతుంది, దాంతోపాటు పైస్థాయి మెరుపు తగ్గుతుంది. గెయిన్ (సిగ్నల్ బలం) చాలకపోతే పెడల్‌తో పెంచుకోవచ్చు కానీ, పికప్ దగ్గరే పోయిన మెరుపును, చేతి తేడాను పెడల్‌తో తెచ్చుకోలేకపోయాను. అన్నట్టు, ఓమ్స్ చూసి అవుట్‌పుట్ అంచనా వేయకండి. 42 గేజ్ బదులు ఇంకా సన్నని 43 గేజ్ వైర్ చుడితే తక్కువ చుట్లకే ఓమ్స్ పెరిగిపోతాయి.

దాన్ని తీసేసి ఆల్నికో 5 (ఒక లోహ మిశ్రమం) మాగ్నెట్ ఉన్న, 8 కిలో ఓమ్స్ దరిదాపుల్లోని మామూలు అవుట్‌పుట్ హంబకర్ పెట్టాను. 1957లో గిబ్సన్ గిటార్లలోకి వచ్చిన తొలి హంబకర్లు కూడా ఇంచుమించు ఇలాంటివే. గిబ్సన్ ఇంజినీర్ సెత్ లవర్ వాటిని తయారు చేసింది డిస్టార్షన్ కోసం కాదు, హమ్ వదిలించుకోవడానికి. ఇప్పుడు వాల్యూమ్ 10లో రాక్, 6లో దాదాపు క్లీన్. పాట మధ్యలో పెడల్ తొక్కడం బాగా తగ్గింది.

అయితే అది పెట్టిన రోజే మొహం వాడిపోయింది. బ్రిడ్జ్ ఒక్కటే అయితే బాగానే ఉంది. స్విచ్ రెండో పొజిషన్‌కి, అంటే బ్రిడ్జ్, మిడిల్ కలిసే చోటికి తెస్తే మాత్రం శబ్దం పలచగా, ఎక్కడో దూరంగా పాత రేడియో మోగినట్టు. రెండు పికప్‌లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయన్నమాట. వైర్ల రంగులు ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. నేను చూసిన బొమ్మ వేరే కంపెనీది! మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి, స్క్రూడ్రైవర్‌ను పికప్‌కి తాకించి చటుక్కున లాగితే, ఒక పికప్‌కి రీడింగ్ పైకి పోయింది, ఇంకోదానికి కిందికి. హంబకర్ హాట్, గ్రౌండ్ వైర్లు అటూ ఇటూ మార్చి (పూత లేని షీల్డ్ వైర్ ఎప్పుడూ గ్రౌండ్‌కే ఉండాలి) మళ్లీ సోల్డర్ చేశాక శబ్దం నిండుగా వచ్చింది.

నేను ఎక్కువగా వాడేది నాలుగో పొజిషన్, అంటే నెక్, మిడిల్ కలిపి. ఫంక్ కార్డులకు, క్లీన్ ఆర్పెజియోలకు అదే. మిడిల్ పికప్ తిరగేసి చుట్టినది, దాని మాగ్నెట్ ధ్రువాలూ తలకిందులే, కాబట్టి ఆ పొజిషన్‌లో హమ్ కూడా రాదు. బ్లూస్‌కి నెక్ ఒక్కటే. జాజ్ దగ్గర మాత్రం ఇది ఓడిపోయింది. టోన్ నాబ్ ఎంత తగ్గించినా నెక్ హంబకర్ ఇచ్చే గుండ్రటి శబ్దం రాలేదు. మెటల్ రిఫ్‌లకు ఆంప్ ముందు ఓవర్‌డ్రైవ్ పెడల్ పెట్టి, దాని డ్రైవ్ సున్నాకి, లెవల్ పైకి తెచ్చి నెట్టుకొస్తున్నాను. రోజూ అదే వాయించేవాళ్లు ఈ అమరిక జోలికి రావద్దు.

హంబకర్‌లో ఒక కాయిల్‌ను ఆపేసే కాయిల్ స్ప్లిట్ గురించి చాలా గొప్పగా చెబుతారు. రెండేళ్లు వాడాను. శబ్దం ఒక్కసారిగా తగ్గిపోతుంది, హమ్ తిరిగొస్తుంది. రికార్డింగ్ చేస్తూ, ఏ దిక్కుకి తిరిగి కూర్చుంటే హమ్ తగ్గుతుందా అని కుర్చీలో గుండ్రంగా తిరిగిన రాత్రులున్నాయి. చివరికి ఆ స్ప్లిట్ కోసం పెట్టిన పుష్-పుల్ నాబ్‌ని (పైకి లాగితే స్విచ్‌లా పనిచేసేది) రెండు కాయిల్స్‌ను పారలల్‌గా కలిపేలా మార్చాను. పలచబడి మెరుస్తుంది, హమ్ రాదు. నా ఓటు దానికే.

పోట్ల (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే, తిప్పితే మారే రెసిస్టర్లు) లెక్క కూడా తేల్చుకోవాల్సి వచ్చింది. 500కె (500 కిలో ఓమ్స్) పోట్‌తో సింగిల్ కాయిల్స్ చెవిలో గుచ్చాయి, 250కె పెడితే హంబకర్ మందగించింది. 500కె ఉంచేసి, సూపర్ స్విచ్‌తో (ఒక్కో పొజిషన్‌కి విడిగా వైరింగ్ చేసుకోగల స్విచ్) సింగిల్ కాయిల్స్ పొజిషన్లలో మాత్రమే 470కె రెసిస్టర్ పారలల్‌గా తగిలేలా చేయించాను. అప్పుడు వాటికి 242కె లాగా కనిపిస్తుంది.

కొత్త పికప్ కొనేముందు మాత్రం పాతదాని ఎత్తు మార్చి చూడండి. ఖర్చు లేదు, ఒక స్క్రూడ్రైవర్ చాలు. ఒకసారి నెక్ పికప్‌ను బాగా పైకి లేపాను. ఆరో స్ట్రింగ్‌పై పన్నెండో ఫ్రెట్ దాటాక స్వరం అలల్లా ఊగింది, ట్యూనర్ ముల్లు నిలబడలేదు. స్ట్రింగ్స్ పాతబడ్డాయేమోనని కొత్త సెట్ వేశాను, అదీ ఊగింది. మాగ్నెట్ స్ట్రింగ్‌ను లాగుతోందని అప్పుడు వెలిగింది. పావు తిప్పు చొప్పున దించుతూ, చివరి ఫ్రెట్ నొక్కి కొలిస్తే మూడు మిల్లీమీటర్లు దాటేసరికి ఊగడం పోయింది. బ్రిడ్జ్ హంబకర్ మాత్రం రెండు మిల్లీమీటర్ల దగ్గరే ఉంచాను. లేకపోతే నెక్ నుంచి అక్కడికి మార్చినప్పుడు శబ్దం నీరుగారిపోతుంది.

ఆరేళ్లలో పాడైంది పుష్-పుల్ పోట్ ఒక్కటే. గరగరమంటే మార్చాను. ఆ సిరామిక్ పికప్ ఇప్పుడు మా డ్రమ్మర్ తమ్ముడి గిటార్‌లో ఉంది. స్ట్రింగ్స్‌ను మామూలు కన్నా కిందికి దించే డ్రాప్ సి ట్యూనింగ్ తప్ప వాడికి ఇంకోటి పట్టదు. మొన్న విన్నాను, అందులో అది భలే మోగుతోంది.